వేగంగా విస్తరించింది రాజ్యం, మతం కాదు

ఇస్లాం తొలి విస్తరణ మీద వాదన మొదలైతే, కత్తితో వ్యాపించిందని ఒక పక్షం, సమానత్వ సందేశంతో వ్యాపించిందని ఇంకో పక్షం పట్టుబడతాయి. రెండు పక్షాలదీ ఒకే పొరపాటు. అరబ్బుల రాజ్యం పెరిగిన వేగాన్నే ప్రజలు మతం మారిన వేగంగా లెక్కగడుతున్నారు. 632లో ప్రవక్త మరణించాక ఇరవై ఏళ్లకే సిరియా, ఈజిప్టు, ఇరాక్, ఇరాన్‌లో అధికభాగం ఖలీఫాల (ప్రవక్త తర్వాత ముస్లిం రాజ్యాన్ని ఏలిన వారసుల) ఏలుబడిలోకి వచ్చిన మాట నిజమే కానీ, అక్కడి జనంలో ముస్లింలు అధిక సంఖ్యాకులు కావడానికి శతాబ్దాలు పట్టింది.

బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం), పర్షియా 602 నుంచి 628 దాకా యుద్ధం చేసి ఒకదాన్నొకటి పీల్చి పిప్పి చేసుకున్నాయి. ఆ తర్వాత నాలుగేళ్లలోనే పర్షియా సింహాసనం మీద పలువురు మారారు. బైజాంటియం ఏలుబడిలోని ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులను (స్థానిక ఈజిప్టు క్రైస్తవులను) సొంత చక్రవర్తి ప్రతినిధే మతభేదం పేరుతో వేధించాడు. బైజాంటియం మీద యర్మూక్‌లో, పర్షియా మీద ఖాదిసియాలో అరబ్బులు సాధించిన విజయాలకు రంగం అలా సిద్ధమైంది.

విశ్వాసబలం లేకుండా ఎడారి తెగలు ఒక్కతాటి మీదికి వచ్చేవా అని అడిగేవారున్నారు. ఆ బలాన్ని కాదనలేం. అయితే ప్రవక్త కన్నుమూయగానే అనేక తెగలు జకాత్ (ముస్లింలు చెల్లించాల్సిన దానపు పన్ను) చెల్లించబోమని తిరగబడితే, తొలి ఖలీఫా అబూ బకర్ వాటిని యుద్ధంతోనే దారికి తేవలసి వచ్చింది.

నా దృష్టిలో అసలు కీలకం ఖలీఫా ఉమర్ పెట్టిన దివాన్. గెలిచిన ఇరాక్ భూములను సైనికులకు పంచకుండా రైతుల దగ్గరే ఉంచి, పన్ను రాబట్టి, ఇస్లాంలో ఎవరు ఎంత ముందు చేరారన్న వరుసను బట్టి సైనికులకు భత్యాలు చెల్లించే చిట్టా అది. సైన్యాన్ని కూఫా, బస్రా, ఫుస్తాత్ వంటి దండు పట్టణాల్లో నిలిపారు. పల్లెల పాలన పాత ఉద్యోగుల చేతిలోనే ఉండిపోయింది. 643 నాటి ఒక పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) రసీదు ఇందుకు సాక్ష్యం. ఈజిప్టులో అరబ్బు దండు 65 గొర్రెలను తీసుకున్నట్టు గ్రీకులోనూ అరబ్బీలోనూ రాసిచ్చిన ఆ రసీదులో గ్రీకు భాగం రాసింది చర్చిలో డీకన్ (చిన్న స్థాయి మతాధికారి) కూడా అయిన ఒక గుమాస్తా. పాలకుడు మారిన ఏడాదో రెండేళ్లో గడిచేసరికి, లెక్క రాసే చెయ్యి మారకుండానే పని సాగిపోతోంది.

మతమార్పిడికి ఆ రాజ్యం తొందరపడకపోవడానికి కారణం కూడా ఆ చిట్టాలోనే ఉంది. ముస్లిం అయితే జిజియా (ముస్లిమేతరుల మీది తలపన్ను) తగ్గుతుంది, ఖజానాకు లోటు వస్తుంది. అందుకే ఇరాక్ గవర్నర్ అల్ హజ్జాజ్ మతం మారి పట్టణాలకు చేరిన రైతులను తిరిగి పల్లెలకు తోలించాడు. కొత్త ముస్లింల నుంచి జిజియా వసూలు చేయరాదని ఖలీఫా రెండవ ఉమర్ 717 తర్వాత ప్రత్యేకంగా ఆదేశించాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా ఏం జరుగుతూ వచ్చిందో ఊహించుకోవచ్చు.

మన చరిత్ర చర్చలకు యుద్ధాల మీదున్న మోజు రెవెన్యూ లెక్కల మీద లేదు. గోల్కొండ కుతుబ్‌షాహీలు ఫర్మానాలను పారసీకంతోపాటు తెలుగులోనూ రాయించారు, గ్రామ లెక్కలను కరణాలకే వదిలేశారు, చివరి సుల్తాను తానాషా ఏకంగా మాదన్నకు ఆర్థిక వ్యవహారాలన్నీ అప్పగించాడు. ఆ రాజ్యం నూట డెబ్బై ఏళ్లకు చేరువగా ఎలా నిలిచిందో తెలియాలంటే కోట బురుజుల కన్నా ముందు ఆ కరణాల కవిలెలు చదవాలి.