పాటకు పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు మరొకటి

కెనడాలో క్విబెక్ రాష్ట్రం ఉత్తరపు కొసన, హడ్సన్ జలసంధి దగ్గర సాలుయిట్ అనే ఊరుంది. అది ఇనూయిట్ అనే ఉత్తర ధ్రువ ప్రాంతపు మూలవాసుల ఊరు. దక్షిణాది నగరాల నుంచి అక్కడికి రోడ్డు లేదు, రైలు లేదు. మనిషి వెళ్లాలంటే విమానమే దిక్కు. ఆ ఊళ్లో పెరిగిన ఎలిసాపీ అనే గాయని 2023 సెప్టెంబరులో ఒక ఆల్బమ్ తెచ్చింది. దాని పేరు ‘ఇనుక్టిటుట్’. అది ఆమె మాతృభాష పేరు. అందులో ఉన్న పది పాటల్లో ఒక్కదానికీ ఆమె బాణీ కట్టలేదు. అవన్నీ బ్లాండీ, క్వీన్, పింక్ ఫ్లాయిడ్, మెటాలికా, సిండీ లాపర్, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ లాంటి వాళ్ల పాటలు, ప్రపంచం అరిగిపోయేదాకా విన్న పాటలు. ఆమె చేసిందల్లా వాటిని తన భాషలోకి తెచ్చుకుని, తన గొంతుతో పాడడం.

‘చేసిందల్లా’ అని రాశాను గానీ ఆ మాట సరిపోదు. బ్లాండీ పాట ‘హార్ట్ ఆఫ్ గ్లాస్’ డిస్కో రోజుల పాట. లైట్లు మెరుస్తుంటే కాళ్లు ఆడించడానికి పుట్టింది. ఎలిసాపీ దాని వేగం తీసేసి, చెవి పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడింది. నాకు ఇనుక్టిటుట్‌లో ఒక్క ముక్క రాదు. అయినా ఆ పాట మొదటిసారి విన్న రోజు వరుసగా నాలుగైదు సార్లు విన్నాను. తెలిసిన బాణీయే, కానీ ఇంతకాలం దాని అడుగున ఇంత దిగులుందని తెలియలేదు. ఆమె చిన్నప్పుడు రేడియోలో, ఊరి డాన్సుల్లో, బంధువుల ఇళ్లలో విన్న పాటలివి. ఆమె మేనమామలు సుగ్లుక్ అనే బ్యాండులో ఇనుక్టిటుట్ భాషలోనే రాక్ వాయించినవాళ్లు. అంటే ఆ పాటలు న్యూయార్క్‌లోనో లండన్‌లోనో పుట్టినా, సాలుయిట్‌లో కాపురం చేసి చాలా కాలమైంది. ఆమె ఆ సంగతిని రికార్డు మీదకు ఎక్కించింది.

కెనడా ఇండీ (పెద్ద కంపెనీల అండ లేని స్వతంత్ర సంగీతం), పాప్ సంగీతంలో ఇవాళ నన్ను ఎక్కువగా కదిలిస్తున్నవి పూర్తిగా కొత్త పాటలు కావు, ఇలాంటి కవర్లు, రీమిక్సులు. రెండు ఆల్బమ్‌ల మధ్య ఖాళీ నింపే సరుకుగా వాటిని చూసే అలవాటు సమీక్షకుల్లో ఉంది. ఆ చూపు తప్పని నా వాదన.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. ఒకరి పాటను మరొకరు కొత్తగా పాడి రికార్డు చేస్తే కవర్. అసలు రికార్డింగునే చేతిలోకి తీసుకుని, అందులోని గొంతునో దరువునో ఉంచి మిగతాదంతా మార్చి కూర్చితే రీమిక్స్. మన సినిమా వాళ్లు రీమిక్స్ అని పిలిచేది చాలాసార్లు కవరే. ‘గ్యాంగ్ లీడర్’లోని ‘వానా వానా వెల్లువాయె’ను 2012లో ‘రచ్చ’ కోసం మళ్లీ రికార్డు చేశారు, పాత టేపును తీసి కలపలేదు. ఈ తేడా చట్టం దగ్గరికి వచ్చేసరికి చాలా పెద్దదవుతుంది.

కెనడాకు కవర్ ఎందుకంత ముఖ్యం? పక్కనే అదే భాష మాట్లాడే మహా సంగీత మార్కెట్ ఉన్న దేశం అది. అమెరికా రేడియో గాలిలోనే సరిహద్దు దాటి వచ్చేస్తుంది. అలాంటి చోట ‘ఇది మన పాట’ అని గుర్తుపట్టడానికి ఒకరి పాటను మరొకరు పాడుకోవడం ఒక దారి అయింది. కెనడా కవి, గాయకుడు లెనర్డ్ కోహెన్ ‘హాలెలూయా’ కథ చాలామందికి తెలుసు. ఆ పాటున్న 1984 ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయడానికి అతని కంపెనీయే ఒప్పుకోలేదు. 1991లో జాన్ కేల్, 1994లో జెఫ్ బక్లీ పాడాక అది లోకమంతా పాకింది. కేల్ వేల్స్ మనిషి, బక్లీ అమెరికన్. దాన్ని తిరిగి ఇంటికి తెచ్చింది ఆల్బర్టాలో పుట్టిన కె.డి. లాంగ్. 2004లో ఆమె కోహెన్, నీల్ యంగ్, జోనీ మిచెల్ లాంటి కెనడా రచయితల పాటలే ఏరుకుని ఒక ఆల్బమ్ చేసింది. అమెరికా సరిహద్దు నడిచే 49వ అక్షాంశరేఖ పేరే దానికి పెట్టింది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ‘హాలెలూయా’ పాడింది కూడా ఆమే.

నాకు అంతకన్నా ఇష్టమైన ఉదాహరణ టొరాంటోది. 1987 నవంబరు 27న కౌబాయ్ జంకీస్ అనే బ్యాండు అక్కడి హోలీ ట్రినిటీ చర్చిలో చేరింది. మధ్యలో ఒకే ఒక మైకు, దాని చుట్టూ వాద్యకారులు. గొంతుకీ గిటారుకీ మధ్య పాళ్లు కుదరాలంటే మనుషులే ముందుకీ వెనక్కీ జరగాలి. అలా రికార్డయిన పాటల్లో ఒకటి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ వాళ్ల ‘స్వీట్ జేన్’. మార్గో టిమిన్స్ దాన్ని నిద్రలో నడుస్తున్నంత నెమ్మదిగా పాడింది. ఆ చర్చి గోడల ప్రతిధ్వని పాటలో సగం. అసలు పాట రాసిన లూ రీడ్ ఈ రూపాన్ని మెచ్చుకున్నాడు. త్యాగరాజ కీర్తన ఒకటే అయినా ఒక్కో శిష్య పరంపరలో ఒక్కో పాఠాంతరం ఉండడం, ఎవరి సంగతులు వాళ్లు వేయడం మన చెవులకు కొత్త కాదు. ఒక కృతిని పదిమంది పాడారని ఆ పదిమందినీ అనుకరించేవాళ్లని మనం అనం. ఆ న్యాయం పాప్ పాటకూ వర్తించాలి.

కెనడా ప్రభుత్వం పాటలను ఎలా లెక్కపెడుతుందో చూస్తే ఈ వ్యవహారం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రసారాల నియంత్రణ కమిషన్ 1971 జనవరి నుంచి రేడియోలో 30 శాతం కెనడా సంగీతం తప్పనిసరి చేసింది. పాపులర్ సంగీతానికి ఆ వాటా తర్వాత 35 శాతమైంది. మరి ఏది కెనడా పాట? దానికి నాలుగు అంశాలు పెట్టారు: సంగీతం, పాడినవారు, రికార్డింగ్ లేదా ప్రదర్శన, సాహిత్యం. నాలుగింట రెండు కెనడావైతే ఆ పాట కెనడాది.

ఇప్పుడు ఈ తూకంలో పాటలను పెట్టి చూడండి. లండన్ కుర్రాడు జేమ్స్ బ్లేక్ 2010లో ఫైస్ట్ పాట ‘లిమిట్ టు యువర్ లవ్’ను కవర్ చేశాడు. రాసింది ఫైస్ట్, చిల్లీ గొంజాలెస్. ఇద్దరూ కెనడా వాళ్లే. సంగీతం, సాహిత్యం రెండూ దొరికాయి కాబట్టి బ్రిటిష్ గొంతులో ఉన్నా అది కెనడా పాట. బక్లీ ‘హాలెలూయా’ కూడా అంతే. కానీ 1991లో దేశదేశాల్లో మోగిన బ్రయాన్ ఆడమ్స్ సొంత ఆల్బమ్ కెనడాది కాకుండా పోయింది. కారణం, విదేశీయుడైన మట్ లాంగ్‌తో కలిసి రాయడం, రికార్డింగ్ పూర్తిగా కెనడాలో జరగకపోవడం. ఆ గొడవ పెద్దదై, కలిసి రాసిన పాటల విషయంలో నిబంధనను సడలించారు. ఎలిసాపీ ఆల్బమ్‌లో కోహెన్ పాట ఒక్కటి పక్కన పెడితే బాణీలన్నీ బయటివి. అవి కెనడా పాటలు కావాలంటే గాయని, రికార్డింగ్ అన్న రెండు అంశాలే ఆధారం. అందులో రికార్డింగ్ అంశాన్ని తీసేయాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా చర్చలో ఉంది. స్టూడియో ఎక్కడుందన్నది ఈ ల్యాప్‌టాప్ కాలంలో ఎవరికి కావాలన్నది వాళ్ల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దానివల్ల ఇనుక్టిటుట్‌లో పాడిన పాట దేశం లెక్కలోంచి జారిపోయే ప్రమాదముంది. ఆ నేల మీద అందరికన్నా ముందునుంచీ ఉన్న భాషల్లో ఒకటి, ఆ నేల పాటగా లెక్కకు రాకపోవడం నాకు మింగుడుపడదు.

రీమిక్స్ వైపు కూడా మూలవాసుల పనే నాకు ముందు కనిపిస్తుంది. ఒటావాలో ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్ అనే డీజేల బృందం పౌవౌ వేడుకల డప్పు, గానాల రికార్డింగులను తీసుకుని క్లబ్బు సంగీతంతో కలిపింది. 2012లో తమ మొదటి ఆల్బమ్‌ను ఉచితంగా నెట్‌లో పెట్టింది. 2021లో హలూసీ నేషన్ అని పేరు మార్చుకుంది. ఇక్కడ చరిత్ర తెలియాలి. 1880ల నుంచి 1951 దాకా కెనడా చట్టం మూలవాసుల వేడుకలెన్నింటినో నేరంగా చూసింది. తాతలను పాడనివ్వని ఆ దరువు మీద మనవలు రాజధాని నగరం నడిబొడ్డున నాట్యం చేస్తుంటే, దాన్ని కేవలం రీమిక్స్ అని ఎలా అంటాం?

జెరెమీ డచర్ చేసింది ఇంకా అరుదైన పని. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని టోబిక్ మూలవాసుల సమాజానికి చెందిన ఇతను శాస్త్రీయంగా ఒపెరా గానం నేర్చుకున్నాడు. తమ వొలస్టొకే జనుల పాటలు 1907 ప్రాంతంలో ఒక మానవశాస్త్రజ్ఞుడు మైనపు గొట్టాల మీద రికార్డు చేశాడని, అవి గాటినోలోని కెనడా చరిత్ర మ్యూజియంలో ఉన్నాయని ఊరి పెద్దావిడ ఒకామె అతనికి చెప్పింది. వెళ్లి, నెలల తరబడి వింటూ ఒక్కో పాటనూ రాసుకున్నాడు. 2018లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్‌లో ఆ పాత గొంతులు గరగరమంటూ మొదలవుతాయి, అతని పియానో, అతని గొంతు వచ్చి కలుస్తాయి. శతాబ్దం కిందటి మనిషితో యుగళగీతం అన్నమాట. ఆ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు అప్పటికి వందకు అటూ ఇటూ మిగిలారు. ఆ ఆల్బమ్‌కు పొలారిస్ బహుమతి వచ్చింది. కెనడాలో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే బహుమతి అది. 2024లో తన రెండో ఆల్బమ్‌కు అదే బహుమతి మళ్లీ వచ్చింది. దాన్ని రెండుసార్లు గెలిచిన తొలి కళాకారుడు అతనే. దీన్ని కవర్ అనాలా, రీమిక్స్ అనాలా, కొత్త పాట అనాలా? మూడు పేర్లూ పడతాయి, ఏదీ సరిపోదు.

పెద్ద పాప్ తారల సంగతి క్లుప్తంగా చెబుతాను. జస్టిన్ బీబర్ స్ట్రాట్‌ఫర్డ్ ఊళ్లో పిల్లవాడిగా పాడిన కవర్ల వీడియోలతో బయటపడ్డాడు. షాన్ మెండెస్ వైన్ యాప్‌లో కొన్ని సెకన్ల కవర్లతో మొదలయ్యాడు. వాక్ ఆఫ్ ది ఎర్త్ బ్యాండు 2012 జనవరిలో ఒకే గిటారును ఐదుగురు కలిసి వాయిస్తూ పాడిన వీడియోతో లోకానికి తెలిసింది. కవర్ వీళ్లకు తలుపు తెరిచింది, అందులో తప్పేమీ లేదు. నాకు నచ్చనిది ఆ తర్వాతి దశ. పాట చార్టుల్లో కొంచెం పైకి జరగడానికి ఇంకో తార గొంతు అతికించి రీమిక్స్ అని వదలడం. 2021లో ది వీకెండ్ ‘సేవ్ యువర్ టియర్స్’కు ఆరియానా గ్రాండే గొంతు కలిసిన తర్వాతే అది అమెరికా చార్టులో మొదటి స్థానానికి చేరింది. పాట మంచిదే, ఆ కలయిక వల్ల దానికి కొత్తగా వచ్చిన అర్థం మాత్రం నాకు వినబడలేదు.

ఇక చట్టం. ఇక్కడ కెనడాకూ మనకూ నిజమైన చుట్టరికం ఉంది. 2012 జూన్‌లో భారతదేశపు కాపీరైట్ సవరణ అమల్లోకి వచ్చింది. అదే నెలలో కెనడా సవరణ చట్టానికి ఆమోదముద్ర పడింది. మన చట్టంలోని 31సి సెక్షన్ ప్రకారం పాట మొదట రికార్డయిన ఏడాది గడిచాక ఐదేళ్ల దాకా, అనుమతి లేకుండా కవర్ తేకూడదు. ఆ తర్వాత తెచ్చినా ఏటా కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలి. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటను మార్చకూడదు. కెనడా వాళ్లు ఇంకో దారి పట్టారు. మామూలు మనిషి లాభాపేక్ష లేకుండా, ఉన్న రచనల నుంచి కొత్తది తయారుచేసి పంచుకుంటే కాపీరైట్ ఉల్లంఘన కాదని 29.21 సెక్షన్ తెచ్చారు. వీలైనచోట మూలాన్ని చెప్పాలి, అసలు పాట మార్కెట్‌ను దెబ్బతీయకూడదు. గదిలో కూర్చుని రీమిక్స్ చేసుకునే కుర్రాళ్లకు అంత సూటిగా చోటిచ్చిన చట్టాలు అరుదు.

అయితే ఆ కుర్రాడి వీడియో వెళ్లేది వీడియో సైటుకు. అక్కడ శబ్దాన్ని పోల్చి చూసే యంత్రానికి కెనడా సెక్షన్లు తెలియవు. శబ్దం కలిస్తే చాలు, ఆదాయం అసలు హక్కుదారుకు మళ్లుతుంది, లేదా వీడియో ఆగిపోతుంది. పాత సినిమా పాటను వీణ మీద వాయించి పెట్టిన మన తెలుగు పిల్లలకూ ఈ అనుభవం తెలుసు. చట్టం ఇచ్చిన హక్కును వినియోగదారుడు తనంతట తాను పోరాడి అడగాల్సి రావడం అన్యాయం. ఆ బరువు వేదికల మీద ఉండాలి.

ఎలిసాపీ లాంటి వాళ్లది ఇంకో చిక్కు. ఉన్నదున్నట్టు పాడితే ఒక లైసెన్సుతో పోతుంది, భాష మారిస్తే అది అనువాదం, దానికి విడిగా హక్కుదారుల అనుమతి కావాలి. రాజశ్రీ, వెన్నెలకంటి రాసిన డబ్బింగ్ పాటలను సొంత పాటలుగా పాడుకున్న మనకు అనువాద గీతం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ డబ్బింగ్ సినిమాల్లో నిర్మాతే ఆ హక్కులు చూసుకుంటాడు. ఎలిసాపీ విషయంలో ఒక చిన్న భాష గాయని మెటాలికా లాంటి బ్యాండ్ల హక్కుదారుల దగ్గరకు వెళ్లాలి.

2023 ఏప్రిల్‌లో కెనడా ఆన్‌లైన్ స్ట్రీమింగ్ చట్టం చేసింది. కెనడాలో ఏటా రెండున్నర కోట్ల కెనడా డాలర్లకు మించి రాబడి ఉన్న స్ట్రీమింగ్ సంస్థలు ఆ రాబడిలో 5 శాతం దేశీయ నిధులకు ఇవ్వాలని 2024 జూన్‌లో ప్రసారాల కమిషన్ ఆదేశించింది. సంస్థలు కోర్టుకెక్కాయి. డిసెంబరులో అప్పీలు కోర్టు చెల్లింపులను తాత్కాలికంగా ఆపింది. ఆ డబ్బులో మూలవాసుల సంగీతానికి చిన్న వాటా పెట్టారు. వాటా పెరగాలన్నది ఒక కోరిక. దానికన్నా ముందు, అందులోంచి అనువాద అనుమతుల ఖర్చు, పాత రికార్డింగుల హక్కుల ఖర్చు, మ్యూజియం టేపులను శుభ్రం చేసి సొంత జనం చేతికి ఇచ్చే ఖర్చు విడిగా ఇవ్వాలని నా అభిప్రాయం. గాటినో మ్యూజియం అరల్లో అలాంటి మైనపు గొట్టాలు వేలల్లో ఉన్నాయి. డచర్ విన్నవి వాటిలో ఏ కొన్నో.