నా పదకొండు నెలల్ని గోకి పారేసిన మహానుభావులకు

మధ్యాహ్నం ఎండ నడినెత్తిన కొడుతుంటే, అన్నం కూడా తినకుండా వైజాగ్ తెన్నేటి పార్కు కింద సముద్రపు రాళ్ళ దగ్గరికి దిగాను. నిన్న అమావాస్య. అమావాస్యకీ పున్నమికీ ఆటు బాగా లాగుతుంది, మామూలు రోజుల్లో నీళ్ళ కింద ఉండే రాళ్ళు కూడా బయటపడతాయి. ఆ రాళ్ళ మీది నాచు మీద పరిశోధన చేసే నాకు నెలలో దొరికే పనిరోజులు ఆ నాలుగైదే. వెళ్ళి చూద్దును కదా, నా రాయి గుండు కొట్టించుకుని కూర్చుంది.

గుండంటే తిరపతి గుండే. ఆకుపచ్చ లేదు, ఎరుపు లేదు, గోధుమ రంగు లేదు. ఉత్త రాయి. దాని మీద ఇనప బ్రష్షు గీతలు. గుర్తు కోసం నేను పెట్టుకున్న ఎర్ర పెయింటు చుక్కల్ని కూడా వదల్లేదు, పాపం, పిచ్చి గీతలనుకున్నట్టున్నారు. ఐదు గడులు. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు. ప్లంబింగ్ షాపులో పైపూ ఎల్బోలూ కొని నేనే చేసుకున్న చట్రం పెట్టి, పదకొండు నెలలుగా ఏ గడిలో ఏ నాచు ఎంత మేర ఉందో లెక్క రాసుకుంటున్నాను. పన్నెండో నెల ఇది. ఈ ఒక్క నెలా అయితే ఏడాది చక్రం పూర్తయ్యేది.

ఎవరు చేశారా అని బుర్ర బద్దలు కొట్టుకునే శ్రమ కూడా లేకుండా, గదికొచ్చి ఫోన్ తీస్తే మా ఫ్యామిలీ గ్రూపులోనే ఉంది వీడియో. ఆదివారం సముద్రతీరాన్ని శుభ్రం చేసిన యువత! వెనకాల దేశభక్తి మ్యూజిక్. ఒకే రకం టీషర్టులు. ఒకబ్బాయి నా మూడో గడి మీద మోకాళ్ళేసుకుని దీక్షగా గోకుతున్నాడు. కింద పెద్దనాన్న రాసిన మాట: "చూడమ్మా, మీ వైజాగ్ కుర్రాళ్ళు పాచి ఎలా వదలగొడుతున్నారో." రెండు దణ్ణాల బొమ్మలు.

బాబులూ, నాకు ఒక్కటే సందేహం. అక్కడికి వంద అడుగుల దూరంలో మురుగు కాలువొచ్చి సముద్రంలో కలుస్తోంది కదా, అది మీ కెమెరాలో పడలేదా? ఆ మురుగులో కొట్టుకొచ్చే ఎరువు తిని ఉల్వా లాంటి పచ్చ నాచు మరీ గుబురుగా పెరుగుతుంది. మీరు కాలువను వదిలేసి నాచును గోకారు. జ్వరమొచ్చిన వాణ్ణి వదిలేసి థర్మామీటర్ని పగలగొట్టినట్టు. ప్లాస్టిక్ ఏరితే నేనే వచ్చి సంచి పట్టుకునేదాన్ని. రాయికి బతికున్నది ఏదైనా అంటుకుని ఉంటే అది మురికే అని మీకు ఏ బడిలో చెప్పారు?

ఉల్వా మళ్ళీ వస్తుంది లెండి, దానికి సిగ్గూ శరమూ లేవు, బోడి రాయి కనిపిస్తే ముందు ఎక్కేది అదే. నా ఏడుపు దాని గురించి కాదు. కింది వరసలో గ్రాసిలేరియా ఉండేది, ఎర్ర నాచు. వీటికి వేళ్ళుండవు. రాయిని పట్టుకోవడానికి అడుగున చిన్న పట్టు ఉంటుంది, అంతే. పైన కొమ్మలు తెగితే ఆ పట్టులోంచి మళ్ళీ చిగురిస్తుంది. పట్టుతో సహా గీకేస్తే ఏం చిగురిస్తుంది, మీ టీషర్టా? దాని సందుల్లో గోరంత పీతలుండేవి, నత్తలుండేవి. అవి కూడా "చెత్త" సంచిలోకే వెళ్ళి ఉంటాయి.

ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని మనం చిన్నప్పుడు బట్టీ పట్టాం. (ఇప్పుడు కొత్త కొలత ప్రకారం వెయ్యి దాటిందట, తీరం పెరగలేదు, కొలిచే స్కేలు మారింది, అదో పెద్ద కథ.) అందులో ఎక్కువ భాగం ఇసుక, లేకపోతే గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. నాచుకు పట్టుకోవడానికి గట్టి రాయి కావాలి. కొండలు సముద్రం దాకా వచ్చేది విశాఖ, భీమిలి వైపే. అంటే ఉన్న రాళ్ళే కొన్ని. ఆ కొన్నింట్లో నావి ఐదు గడులు. ఊళ్ళో ఇన్ని గోడల మీద ఇన్ని పోస్టర్లుండగా, మీకు గోకడానికి అవే దొరికాయి.

ఇది ఉత్త "పాచి" కాదని నాకు మాత్రం పుట్టగానే తెలుసా? మాది పార్వతీపురం. సముద్రం మొదటిసారి చూసింది తొమ్మిదో తరగతి పిక్నిక్‌లో. బైపీసీ, ఎంసెట్, అందరికీ వచ్చినట్టే నాకూ అక్కరకు రాని ర్యాంకు, తర్వాత బీజెడ్‌సీ. ఎమ్మెస్సీ బోటనీలో ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకొస్తే అందరూ సెల్ఫీలు దిగుతున్నారు, నేను జారి పడ్డాను. చెయ్యి కోసుకుంది. కూర్చుని చెయ్యి కడుక్కుంటుంటే గుంటలో విసనకర్రలా విచ్చుకున్న నాచొకటి కనిపించింది, మీద సుద్దతో గీసినట్టు అంచులంచులుగా తెల్ల గీతలు. పదీనా అని తర్వాత తెలిసింది. అదే నా పరిశోధనా ప్రస్థానం, జారి పడటం.

ఆ తర్వాత 1964లో ఉమామహేశ్వరరావు గారు, శ్రీరాములు గారు విశాఖ తీరంలోని ఈ ఆటుపోట్ల నాచు మీద రాసిన వ్యాసం చేతికొచ్చింది. ఇంగ్లండ్ పత్రికలో అచ్చయింది. ఏ రాతి మీద ఏ ఎత్తులో ఏది పెరుగుతుంది, ఏ నెలలో వస్తుంది, ఎప్పుడు పోతుంది, అంతా ఉంది. జీపీయస్ లేదు, స్మార్ట్‌ఫోన్ లేదు. ఎర్ర నాచుల్లో లయాగోరా విశాఖపట్నమెన్సిస్ అని ఒకటుంది. మన ఊరి పేరు పెట్టుకున్న నాచు! వైజాగ్ బిర్యానీ పాయింట్ల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళకి ఈ పేరు తెలుసా? అసలా వ్యాసం చదివాకే నాకు పిచ్చి పట్టింది. వాళ్ళు చూసినవాటిలో ఇప్పుడెన్ని మిగిలాయో చూడాలని. 2014లో హుద్‌హుద్ వచ్చి ఊరంతా ఊడ్చేసింది కదా, తీరంలో ఏం పోయిందో చెప్పాలంటే తుపానుకు ముందు ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెట్టి ఉండాలి. లెక్కే లేకపోతే పోయినట్టు కూడా తెలీదు.

కూర్చుని లెక్కపెట్టడం ఎంత సుఖమో కూడా చెప్తాను. ఒంటరి ఆడపిల్ల నీళ్ళ దగ్గరి రాళ్ళ మీదికి నడుస్తుంటే పైనుంచి ఎవరో ఒకరు "అమ్మా వద్దమ్మా, ఏదున్నా మాట్లాడుకుందాం" అని అరుస్తారు. రెండుసార్లు జరిగింది. ఇంకొందరు "ఉంగరం పోయిందా పాపా?" అని వచ్చి పక్కనే వెతకడం మొదలుపెడతారు. మంచివాళ్ళే. గదికొచ్చాక ట్రేలో నీళ్ళు పోసి, కాగితం మీద నాచు తేలేసి, కుంచెతో కొమ్మలు విడదీసి, పల్చటి గుడ్డ కప్పి, పేపర్ల మధ్య బరువు పెట్టి ఆరబెట్టాలి. జిగురు అక్కర్లేదు, దాని జిగురుతో అదే అంటుకుంటుంది. మా అమ్మ ఊరి నుంచి పంపే పాత పేపర్లలో ఆదివారం పెళ్ళి సంబంధాల పేజీయే ఎక్కువ ఎందుకుంటుందో నాకు తెలుసు. ప్రస్తుతం దాని మీద సర్గాసమ్ అనే నాచు ఆరుతోంది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ కుర్రాళ్ళ మీద నా కోపం సాయంత్రానికి సగం చల్లారిపోయింది. తెలీక చేశారు. ఇంకో సగం పెద్దనాన్న మీద. మొన్న విజయనగరంలో ఆయన గృహప్రవేశం. వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, "మా తమ్ముడి కూతురండి. వైజాగ్‌లో పాచి పని చేస్తంది" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. పాచి పని నామోషీ అని కాదు. మా హాస్టల్లో పాచి పని చేసే అక్కకి ఒకటో తారీకున డబ్బులు చేతిలో పడతాయి, నా ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఆయన అన్నది ఆ గౌరవంతో కాదు కదా.

అదే భోజనాల్లో పెద్దమ్మ చైనా గ్రాస్ స్వీటు వడ్డించింది. చైనా గ్రాస్ అంటే ఏంటి పెద్దనాన్నా? సముద్రపు నాచు ఉడికించి తీసిన అగర్. మీ డాక్టర్ అన్నయ్య ల్యాబుకి పంపే కల్చర్ టెస్టులు దేని మీద చేస్తారు? అదే అగర్. 1881 ప్రాంతంలో ఫానీ హెస్సే అనే ఆవిడ వంటింట్లో జెల్లీకి వాడేది, బాక్టీరియా పెంచడానికి ఇది పనికొస్తుందని మొగుడికి చెప్పింది. ఆయన క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోఖ్ దగ్గర పనిచేసేవాడు. పొద్దున్నే మీరు పాచిపళ్ళు తోముకునే పేస్టు చిక్కగా ఉండటానికి చాలా కంపెనీలు కలిపేది కూడా ఎర్ర నాచు నుంచి తీసిందే. పాచితో పాచి వదలగొట్టుకుంటున్నారు.

ఇదంతా అక్కడ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

ఈ మధ్య ఆయనకి కొంచెం గౌరవం పుట్టింది లెండి. నాచు సాగుకి కేంద్రం 640 కోట్లు పెట్టిందని ఎక్కడో చదివి, ఎకరానికి ఎంతొస్తుందని అడిగారు. నేను చదివేది సాగు కాదు, ఏమేం ఉన్నాయో చూడటం అన్నాను. మొహం వాడిపోయింది. తమిళనాడులో సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు మన్నార్ గల్ఫ్‌లో కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి పాకిందని 2008లోనే రాశారు, ఉన్నదేంటో తెలీకుండా కొత్తది తెచ్చి వదిలితే ఇలాగే అవుతుంది అని చెప్పబోయాను. అప్పటికే "మరి పెళ్ళెప్పుడు" దగ్గరికొచ్చేశారు.

పెళ్ళంటే గుర్తొచ్చింది. మాంచెస్టర్‌లో కాథ్లీన్ డ్రూ బేకర్ అని ఒకావిడ. పెళ్ళయిందని యూనివర్సిటీ ఆవిడ ఉద్యోగం తీసేసింది. జీతం లేకుండానే పనిచేసి, 1949లో నోరి అనే, జపాన్ వాళ్ళు తినే నాచు జీవితంలో ఒక దశ గవ్వ చిప్పల లోపల గడుస్తుందని తేల్చింది. జపాన్‌లో అప్పటిదాకా నోరి పంట దైవాధీనం, ఏడాదికోలా పండేది. ఆవిడ చెప్పింది పట్టుకుని విత్తనం వేయడం నేర్చుకున్నారు. ఆవిడకి అక్కడ స్మారకం కట్టి ఏటా పండగ చేస్తారు, ఆవిడ ఒక్కసారి కూడా జపాన్ వెళ్ళకపోయినా. ఆవిడకి పెళ్ళయిందని ఉద్యోగం లేదు, నాకు పెళ్ళి కాలేదని ఉద్యోగానికి విలువ లేదు.

రేపు కూడా ఆటు ఉంది, ఇవాళ్టికంటే ఓ యాభై నిమిషాలు ఆలస్యంగా. మళ్ళీ చట్రం పట్టుకుని వెళ్తాను. ఏడాది చక్రం ఎలాగూ పోయింది, గోకేసిన రాయి మీద ఏది ముందొస్తుందో అదే లెక్క రాసుకుంటాను. మా గైడ్ సార్ "అది కూడా డేటాయే అమ్మా" అన్నారు. ఆయన మీద కూడా ఒక పోస్టు రాయాలి ఎప్పుడైనా.

గృహప్రవేశంలో పెద్దనాన్న ఆ మాట అన్నప్పుడు నవ్విన వాళ్ళలో నాన్న కూడా ఉన్నారు. పెద్దగా కాదు, అన్నగారు అన్నారు కదా అని నవ్వే నవ్వు. ఇవాళ గ్రూపులో ఆ వీడియోకి పడ్డ తొమ్మిది బొటనవేళ్ళలో ఒకటి నాన్నది. ఎనిమిదింటికి ఫోన్ చేస్తారు, తిన్నావా అని. తిన్నాను నాన్నా అంటాను.