రెండో భాగం ఆమెకు ఎందుకు దక్కదు?

'టూంబ్ రైడర్' వీడియో గేముల హీరోయిన్ లారా క్రాఫ్ట్ మళ్లీ వస్తోంది. ఫోబీ వాలర్ బ్రిడ్జ్ రాస్తున్న ఓటీటీ సిరీస్‌లో ఈసారి సోఫీ టర్నర్ ఆ పాత్ర వేస్తోంది. ఆ కబురు వచ్చినప్పటి నుంచి పాత సినిమాల మీద పాత వాదనలు మళ్లీ మొదలయ్యాయి. ఆఫీసు క్యాంటీన్‌లోనైనా, కేపీహెచ్‌బీలో మా అక్కావాళ్ల ఇంట్లోనైనా ఎవరిని కదిపినా ఒకటే మాట. "మొదటిది ఓకే, రెండోదే వేస్ట్." 2003లో వచ్చిన 'టూంబ్ రైడర్: ది క్రేడిల్ ఆఫ్ లైఫ్' గురించి ఇరవై ఏళ్లకు పైగా ఇదే తీర్పు వింటున్నాను. ఈ తీర్పు తప్పు. ఏంజెలినా జోలీ చేసిన రెండింటిలో మంచి సినిమా రెండోదే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సినిమా మీద మనవాళ్లు చెప్పే అభిప్రాయాలు వింటుంటే, తెరమీద హీరో స్థానంలో ఒక ఆడమనిషి నిలబడితే మనం ఎలా చూస్తామో తెలిసిపోతుంది.

ముందు లెక్కలు చూద్దాం. 2001లో వచ్చిన మొదటి భాగం ప్రపంచమంతా కలిపి 27 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. రెండోది సుమారు 16 కోట్ల దగ్గర ఆగిపోయింది. "చూశారా, జనానికి నచ్చలేదు" అని ఈ అంకెలనే చూపిస్తారు. కానీ మొదటి మూడు రోజుల లెక్క ఎవరూ చూడరు. అమెరికాలో మొదటి భాగానికి మొదటి వారాంతంలో 4 కోట్ల 77 లక్షల డాలర్లు వస్తే, రెండో భాగానికి 2 కోట్ల 18 లక్షలే వచ్చాయి. అంటే సగం కూడా రాలేదు. శుక్రవారం రానివాడు సినిమా చూసి నచ్చక మానేసినవాడు కాదు కదా. చూడకుండానే వద్దనుకున్నాడు. ఆ తర్వాత ఆ వసూళ్లు చూసి, సినిమా బాగాలేదని అందరూ అనుకున్నారు.

ఎందుకు వద్దనుకున్నాడు? దానికి స్టూడియో ఒక కారణం చెప్పింది, అందులో కొంత నిజం ఉంది. సినిమాకు సుమారు నెల ముందు 'ది ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్' అనే లారా గేమ్ విడుదలైంది. పూర్తి కాకుండానే హడావిడిగా మార్కెట్లోకి తోసేశారు. కంట్రోల్స్ మొరాయించేవి, తప్పులు లెక్కలేనన్ని. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సీడీ కొనుక్కుని ఇంటికెళ్లి, ఆ గేమ్‌తో రెండు రోజులు కుస్తీ పట్టి పక్కన పడేసిన మిత్రులు నాకు ఉన్నారు. సినిమా పోయిందంటే ఆ గేమ్ వల్లే అని స్టూడియో పారమౌంట్ చెప్పింది. 1996లో లారాను పుట్టించిన కోర్ డిజైన్ అనే కంపెనీ చేతుల్లోంచి గేమ్ సిరీస్‌నే తీసేసి క్రిస్టల్ డైనమిక్స్ అనే ఇంకో కంపెనీకి అప్పగించారు. సిరీస్ మాత్రం ఆగలేదు. 2006కల్లా కొత్త గేమ్ వచ్చింది. సినిమాలో లారాకే పదిహేనేళ్ల విరామం వచ్చింది. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి.

ఇక మనవాళ్ల ఫిర్యాదుల్లో మొదటిది షార్క్. గ్రీసులోని సాంటోరిని దగ్గర సముద్రం అడుగున గుడిలో చిక్కుకుపోయిన లారా, తన చెయ్యి తానే కోసుకుని రక్తంతో షార్క్‌ను రప్పిస్తుంది. దాని ముఖం మీద ఒక్కటి గుద్ది, దాని రెక్క పట్టుకుని పైకి వస్తుంది. "ఆడది షార్క్‌ను గుద్దడమేంటండీ" అని నాతో అన్నవాళ్లు ఒకరిద్దరు కాదు. సరే, నమ్మశక్యం కాదు, ఒప్పుకుంటాను. అయితే అదే 2003లో మన తెలుగు తెరమీద ఒక హీరో తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లింది. దాన్ని చూసి నవ్వినవాళ్లు చాలామంది. కానీ ఆ ఒక్క సీను చూసి "మగహీరోల యాక్షన్ సినిమాలు ఇక ఆడవు" అన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? అది ఆ సినిమా తప్పు అనుకుని ఊరుకున్నాం. లారా షార్క్‌ను గుద్దితే మాత్రం అది ఆడవాళ్ల యాక్షన్ మొత్తానికి అంటుకుంటుంది.

రెండో ఫిర్యాదు "గేమ్‌లా లేదు" అన్నది. నాకు ఆ సినిమా నచ్చిందే అందుకు. గేమ్‌లో మన చేతిలో ఉన్నది ఒక్క పనే. తలుపులు తెరువు, ఉచ్చులు దాటు, వస్తువు తీసుకో, పై లెవెల్‌కు వెళ్లు. దొరికినదాన్ని తిరిగి అక్కడే పెట్టెయ్యాలా వద్దా అని ఆలోచించే బటన్ కంట్రోలర్ మీద ఉండదు. యాన్ డి బాంట్ తీసిన ఈ రెండో భాగం కథంతా ఆ ఆలోచన మీదే నిలబడింది.

కథ చాలామందికి తెలిసిందే. పండోరా పెట్టె కోసం వేట. అలెగ్జాండర్ కట్టించిన గుడిలో దొరికిన గోళం ఆ పెట్టెకు దారి చూపిస్తుంది. నోబెల్ గెలుచుకుని తర్వాత జీవాయుధాలు అమ్ముకుంటున్న రీస్ అనే శాస్త్రవేత్తకు ఆ పెట్టె కావాలి. లారా తన పాత ప్రేమికుడు టెర్రీని జైలు నుంచి విడిపించి తోడు తీసుకెళ్తుంది. హాంకాంగ్‌లో ఆకాశాన్నంటే భవనం మీద నుంచి ఇద్దరూ దూకుతారు. చివరికి ఆఫ్రికా చేరతారు. ఇదంతా సరదా. అసలు సినిమా చివరి పావుగంటలో ఉంది. రీస్ చనిపోతాడు. పెట్టె ఎదురుగా ఉంది. ఇంత దూరం వచ్చాక ఉత్త చేతులతో పోవడమేంటని టెర్రీ దాన్ని తీసుకోబోతాడు. లారా వద్దంటుంది. అతను వినడు. తను ప్రేమించిన మనిషిని లారా కాల్చేస్తుంది. పెట్టెను తెరవకుండా, ఉన్నచోటే వదిలేసి బయటికి వస్తుంది.

మొన్న ఆదివారం మా అక్క కూతురితో కూర్చుని ఈ సీను మళ్లీ చూశాను. ఇంటర్ సెకండియర్ పిల్ల, ఫోన్‌లో గేమ్ ఆడుతూ ఒక కన్ను టీవీ మీద వేసి ఉంది. తుపాకీ పేలగానే ఫోన్ పక్కన పెట్టేసింది. "అదేంటి పిన్నీ, ఇంత కష్టపడి తీసుకోకుండానే వచ్చేస్తుందా?" అంది. అవునన్నాను. కాసేపు ఆగి, "మరి పండోరా అంటే పెట్టె తెరిచిన ఆవిడే కదా" అంది. సినిమా గురించి ఇరవై ఏళ్లలో నేను విన్న అభిప్రాయాలన్నిటికంటే ఈ ఒక్క ప్రశ్న పెద్దది.

ఆ గ్రీకు కథ గుర్తు చేసుకోండి. దేవతలు ఇచ్చిన పెట్టెను ఒక ఆడది ఆగలేక తెరిచిందట, అందుకే లోకంలోకి రోగాలు, కష్టాలు వచ్చాయట. లోకంలో ఉన్న చెడుకంతా ఒక స్త్రీ ఆత్రమే కారణమని చెప్పిన కథ అది. మనకేం తక్కువ? సీత వల్ల రామాయణం, ద్రౌపది వల్ల భారతం అని ఇప్పటికీ ఇళ్లల్లో అంటూనే ఉంటారు. ఈ సినిమా ఆ కథను తిరగేసింది. పెట్టె తెరవాలని తహతహలాడేది ఇద్దరు మగవాళ్లు. ఒకడికి అధికారం కావాలి, ఇంకొకడికి డబ్బు. ఆశను అదుపులో పెట్టుకున్నది ఒక్క ఆడమనిషి. మొదటి భాగంలో లారా చివరి నిర్ణయం వెనుక తండ్రి మాట ఉంది. ఇక్కడ ఆమెకు దారి చెప్పేవాడు లేడు. ఆ బరువు ఆమే మోసింది, ఆ నష్టమూ ఆమే భరించింది. వీడియో గేమ్ నుంచి వచ్చిన ఒక యాక్షన్ సినిమా ఇంత ఆలోచన చేస్తే, దాన్ని మనం "వేస్ట్" అనే ఒక్క ముక్కతో కొట్టిపారేశాం.

అవతలి వాదన కూడా చెప్పాలి. స్క్రీన్‌ప్లే మధ్యలో నత్తనడక నడుస్తుందని, విలన్ బలంగా లేడని అంటారు. రెండూ నిజమే. మూడో భాగం రాకపోవడానికి జోలీనే కారణమని, ఇక ఆ పాత్ర చేయాల్సిన అవసరం కనిపించడం లేదని 2004లో ఆమే చెప్పిందని గుర్తు చేస్తారు. అదీ నిజమే. కానీ షాన్ కానరీ వెళ్లిపోతే బాండ్ ఆగాడా? ఇంకో నటుడు వచ్చాడు, ఆ తర్వాత ఇంకొకడు వచ్చాడు. పాత్ర మీద నమ్మకం ఉంటే మనిషిని మారుస్తారు.

బాండ్ పేరు ఊరికే తీయలేదు. లారా మొదటి సినిమాలో ఆమె పక్కన చిన్న పాత్ర వేసిన నటుడు డేనియల్ క్రెయిగ్. 2006 నుంచి 2021 వరకు అతను ఐదు బాండ్ సినిమాలు చేశాడు. రెండో సినిమాలో టెర్రీగా వేసి ఆమె చేతిలో చచ్చిపోయిన నటుడు జెరార్డ్ బట్లర్. తర్వాత అతనికి అమెరికా అధ్యక్షుణ్ని కాపాడే అంగరక్షకుడి పాత్రతో మూడు సినిమాల సిరీస్ దొరికింది. పక్కన నిలబడిన మగవాళ్లిద్దరికీ సిరీస్‌లు వచ్చాయి. పోస్టర్ మీద ఉన్న అమ్మాయికి రెండుతో సరి. పోనీ ఆడవాళ్ల యాక్షన్ సిరీస్‌ను జనం చూడరా అంటే, అదీ కాదు. గేమ్ నుంచే వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్'లో మిల్లా జొవొవిచ్ 2002 నుంచి 2016 వరకు ఆరు భాగాలు చేసింది. మధ్యలో విమర్శకులు తిట్టినా ఆపకుండా తీశారు, జనం వచ్చారు. తీసేవాళ్లు ఓపిక పడితే చూసేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం, ఎందుకంటే నా బాధంతా ఇక్కడే. తెలుగులో ఇప్పుడు రెండో భాగాల కాలం నడుస్తోంది. 'బాహుబలి'కి రెండు, 'పుష్ప'కు రెండు. 'సలార్', 'దేవర' అయితే పేరులోనే పార్ట్ 1 అని పెట్టుకుని వచ్చాయి. అంటే మొదటిది జనం చూడకముందే రెండోదానికి అడ్వాన్స్ ఇచ్చినట్టు. హీరోకు ఈ నమ్మకం పుట్టుకతో వస్తుంది. హీరోయిన్ సంగతి చూడండి. 1990లో 'కర్తవ్యం'లో వైజయంతి ఐపీఎస్‌గా విజయశాంతి చేసిన ఫైట్లకు థియేటర్లు ఊగిపోయాయి. ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. రెండో భాగం రాలేదు. 1997లో 'ఒసేయ్ రాములమ్మ' వచ్చింది. తెలంగాణలో ఇప్పటికీ ఆమెను రాములమ్మ అనే పిలుస్తారు. దానికీ రెండో భాగం లేదు. 2009 సంక్రాంతికి 'అరుంధతి' వచ్చింది. జేజమ్మ పేరు పిల్లల నోళ్లలో కూడా నానింది. పునర్జన్మ కథ, కోట, మంత్రగాడు, ఆయుధం కోసం వెతుకులాట ఉన్నాయి. దానికంటే సీక్వెల్‌కు, ఆ మాటకొస్తే గేమ్‌కు పనికొచ్చే తెలుగు కథ ఏముంది? అదీ అక్కడితోనే ఆగిపోయింది.

వైజయంతి తిరిగి వచ్చింది, కాదనను. ముప్పై ఐదేళ్ల తర్వాత, 2025లో, అదే విజయశాంతి, అదే పేరు, అదే ఖాకీ యూనిఫాం. సినిమా పేరు 'అర్జున్ సన్నాఫ్ వైజయంతి'. ఆవిడ వచ్చింది హీరోకు తల్లిగా. ఆ పోస్టర్ మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. సినిమా బాగుందా లేదా అన్నది వేరే సంగతి. ఆ పేరు సంపాదించుకున్నది ఆవిడ. ఆ పేరు ముందు ఇంకొకరి పేరు లేకుండా ఆవిడ మళ్లీ తెరమీదికి రాలేకపోయింది.

మలయాళం వాళ్లు మనకంటే ముందున్నారని అంటాం. 2025లో కల్యాణీ ప్రియదర్శన్ 'కొత్త లోక' ఇక్కడ కూడా బాగా ఆడింది, అన్నిచోట్ల వసూళ్లూ కలిపి 300 కోట్లు దాటింది. నేను హైదరాబాద్‌లో చూసిన షోలో ఆడపిల్లలు లేచి నిలబడి ఈలలు వేశారు. నెల తిరగకుండా రెండో అధ్యాయం ప్రకటించారు. అందులో ప్రధాన పాత్ర టొవినో థామస్‌ది. కథా ప్రపంచం పెద్దది, ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరిదని చెబుతున్నారు, సరే. కానీ ఆ ప్రపంచానికి తలుపు తెరిచిన అమ్మాయి కథ ఒక్క సినిమాతో సరిపోయిందని ఎవరు అనుకున్నారు?

అందుకే, "రెండో పార్ట్ వేస్ట్" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు కోపం వస్తుంది. ఆ మాట ఊరికే పోదు. నిర్మాత దగ్గరికి చేరుతుంది. లేడీ ఓరియెంటెడ్ అనే ముద్ర పడిన ప్రతి స్క్రిప్టూ ఆ మాట దగ్గరే ఆగిపోతుంది, బడ్జెట్ తగ్గుతుంది, విడుదల తేదీ ఏ పెద్ద సినిమాకో దారి ఇచ్చి పక్కకు జరుగుతుంది. మగహీరో సినిమా పోతే దర్శకుణ్ని తిడతాం, సంగీతాన్ని తిడతాం, ఆఖరికి టికెట్ రేటును తిడతాం. హీరోయిన్ సినిమా పోతే "ఆడవాళ్ల యాక్షన్ మనవాళ్లకు ఎక్కదు" అంటాం. ఎక్కదని ఎలా తెలుసు? ఒక్కసారికి మించి పెట్టి చూశామా?

ఆ ఆదివారం రాత్రి మా పిల్ల ఫోన్‌లో లారా మూడో భాగం వెతికింది. దొరకలేదు. 2018లో ఇంకో నటి, అలీసియా వికాండర్‌తో మళ్లీ మొదటి నుంచి తీసిన సినిమా కనిపించింది. అర్ధరాత్రి దాకా కూర్చుని అదీ చూసింది. ఆ సినిమా చివర్లో లారా దుకాణంలో పిస్టల్ ఒకటి కాదు, రెండు తీసుకుంటుంది. ఇక అసలు కథ మొదలవుతుందన్నట్టు చూస్తుంది. "దీని పార్ట్ టూ ఎక్కడ ఉంది పిన్నీ?" అని పొద్దున్నే అడిగింది. తీస్తామన్నారు, తీయలేదు, 2022లో దాన్ని తీసిన ఎంజీఎం స్టూడియో చేతిలోంచి హక్కులే పోయాయని చెప్పాను.