మడిగె ఖాళీ చేసి ఇంటికి చేరుతున్న ఫోటో స్టూడియో

బస్టాండు ఎదురుగానో కోర్టు పక్కనో ఉండే ఫోటో స్టూడియోల అద్దెను ఇన్నేళ్లూ మోసింది ఒకే రకం గిరాకీ. దరఖాస్తు చేత పట్టుకుని, అరగంటలో ఫోటో కావాలంటూ రోడ్డు మీద నుంచి నేరుగా లోపలికి వచ్చేవారిదే ఆ గిరాకీ. పెళ్లి ఆర్డరు ఇచ్చేవారు బోర్డు చూసి రారు, బంధువుల ఇంట్లో ఆల్బమ్ చూసి వస్తారు. అయినా మెయిన్ రోడ్డు మడిగెకు అంత అద్దె కట్టడం సబబుగా తోచిందంటే, పాస్‌పోర్టు సైజు ఫోటోల మీద రోజూ చేతికొచ్చే డబ్బుతో అద్దె, కరెంటు బిల్లు, కుర్రవాడి జీతం గడిచిపోయేవి కనుకనే.

ఆ గిరాకీ 2010 తర్వాత క్రమంగా తగ్గిపోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో మొదలైన ఆధార్ నమోదులో ఫోటో కేంద్రంలోనే తీస్తారు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లోనూ అంతే, నాలుగేళ్ల లోపు పిల్లల ఫోటో మాత్రమే వెంట తీసుకెళ్లాలి. డ్రైవింగ్ లైసెన్సు ఫోటో రవాణా శాఖ కార్యాలయంలోనే తీస్తారు. మిగిలిన దరఖాస్తులలో చాలావాటికి సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటోనే అప్‌లోడ్ చేస్తున్నారు. అమెరికా వీసా కోసం 2 అంగుళాల చదరపు ఫోటో అడుగుతూ వచ్చే విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు గానీ, చిన్న పట్టణంలో వారి రాకతోనే నెల అద్దె గడవదు.

నేను ఇరవై రెండేళ్లు మడిగెలో స్టూడియో నడిపి, తర్వాత ఇంటికి మార్చుకున్నాను. ఈ విషయంలో నా అభిప్రాయం ఖరాఖండిగానే ఉంది. పెళ్లిళ్లు, పిల్లల ఫోటోలు ప్రధాన ఆదాయంగా ఉన్నవారు అద్దె షాపును పట్టుకుని వేలాడనక్కరలేదు. అయితే షాపులో చేసిన పనినే యథాతథంగా ఇంట్లో చేయబోయేవారు నష్టపోతారు, ఎందుకంటే గది మారినప్పుడు అందులో తీయగలిగే ఫోటో కూడా మారుతుంది.

ముందు లెక్క చూద్దాం. నెలకు 15,000 రూపాయల అద్దె అనుకుంటే ఏడాదికి 1,80,000. ఈ డబ్బు పన్నెండు నెలలూ సమానంగా కట్టాలి. మన ఆదాయం మాత్రం ముహూర్తాల వెంట నడుస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీగా పోతాయి, గురు మూఢమో శుక్ర మూఢమో తోడైతే మరికొన్ని వారాలు కెమెరా బ్యాగు విప్పే పని ఉండదు. మూఢం వచ్చిందని అద్దె ఆగదు. మాఘంలోనూ వైశాఖంలోనూ నిద్ర మానుకుని సంపాదించిన దాంట్లో ఎంత భాగం ఆ ఖాళీ నెలల అద్దెకు పోతున్నదో ఒక్కసారి కాగితం మీద రాసుకుంటే, షాపు విషయంలో మొహమాటం చాలావరకు తీరుతుంది. ‘షాపు తీసేశాడు, చితికిపోయాడు’ అనే మాట మన ఊళ్లలో తొందరగా పుడుతుంది. ఆ మాటకు జడిసి అప్పు చేసి అద్దె కట్టినవారిని నేను ఎరుగుదును, అది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఇక గది సంగతి. ఇంట్లో స్టూడియో పెట్టాలనుకునేవారు సాధారణంగా లైట్లు, తెరలు కొనడంతో మొదలుపెడతారు, కానీ మొదట చేతిలోకి తీసుకోవలసినది కొలత టేపు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు, అంటే పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సరు ఉన్న కెమెరాకు, 85 ఎంఎం లెన్స్ బిగించి మనిషిని తల నుంచి పాదాల దాకా నిలువునా తీయాలంటే, కెమెరాకూ మనిషికీ మధ్య సుమారు 16 అడుగులు ఉండాలి. మనిషి నీడ తెర మీద పడకుండా వెనుక నాలుగైదు అడుగులు, ఫోటోగ్రాఫరు నిలబడటానికి మూడు అడుగులు కలిపితే అది 24 అడుగుల పొడవవుతుంది. 50 ఎంఎం లెన్స్‌తో తీసినా 17, 18 అడుగులు కావలసిందే. మన ఇళ్లలో 12, 14 అడుగుల పడకగదిలో ఇది సాధ్యం కాదు. తలుపు తెరిచి, హాల్లో నిలబడి, గుమ్మంలోంచి తీయడం ఒక ఉపాయం. అదీ కుదరకపోతే నిలువు ఫోటోలు, కుటుంబ గ్రూపు ఫోటోలు ఇంట్లో ఒప్పుకోకుండా, నడుము వరకు తీసే ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు మాత్రమే చేసుకోవడం మేలు.

గోడల రంగు చేసే హాని మరొకటి. ఇంటికి మారిన కొత్తలో అన్నప్రాశనకు ముందు ఒక పాపకు ఫోటోలు తీశాను. కంప్యూటరులో చూస్తే పాప కుడి బుగ్గ చక్కగా ఉంది, ఎడమ బుగ్గ మీద మాత్రం ఆకుపచ్చ ఛాయ. మొదట లైటు చెడిందనుకున్నాను. గదికి ఆ పక్క గోడ చిలకాకుపచ్చ. లైటు ఆ గోడకు తగిలి, దాని రంగు వెంటబెట్టుకుని పాప ముఖం మీదికి వచ్చింది. ఒక పక్కనే పడిన రంగును, ఫోటో మొత్తం రంగును ఒకేసారి సవరించే వైట్ బ్యాలెన్స్‌తో సరిచేయలేము. సరిచేయబోతే రెండో బుగ్గ గులాబీ రంగుకు తిరుగుతుంది. మరునాడే ఆ గోడలకు మెరుపు లేని బూడిదరంగు వేయించాను. పైకప్పు కూడా ఇలాంటి ఇబ్బందే పెడుతుంది. పది అడుగుల ఎత్తున్న తెల్లటి కప్పు సాఫ్ట్‌బాక్స్ (వెలుగు మెత్తబడేలా ముందు తెల్లగుడ్డ బిగించిన లైటు పెట్టె) వెలుగును కిందికి తిప్పికొట్టి, ముఖానికి రూపమిచ్చే నీడను చెరిపేస్తుంది.

కిటికీ వెలుగు గురించి ఒక మాట. ఉత్తరం వైపు కిటికీకి ఎండ రాదని, ఆ వెలుగు రోజంతా నిలకడగా ఉంటుందని విదేశీ పుస్తకాలు చెబుతాయి. అది వారి అక్షాంశాలకు నిజం. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ రెండున్నర నెలలు ఉత్తరపు కిటికీకి కూడా పల్చటి తెల్లగుడ్డ కట్టుకోవలసిందే.

ఇంటి స్టూడియోకు షాపు కన్నా ఒక విషయంలో బలం ఎక్కువ. 1892లో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచి, దానిని ఒక మహిళా ఫోటోగ్రాఫరుకు అప్పగించారు. పరదా పాటించే స్త్రీలు సంకోచం లేకుండా ఫోటో తీయించుకోవడానికి వేరే చోటు అవసరమని ఆయన ఆనాడే గ్రహించారు. ఈనాటి సీమంతం ఫోటోలు, నెలల పిల్లల ఫోటోలు కూడా అలాంటి చోటునే కోరుతాయి. పాలు పట్టడానికి తలుపు వేసుకోగల గది, వేడినీళ్లు, బిడ్డ నిద్రపోయే దాకా తొందరపెట్టని మనుషులు బస్టాండు ముందరి మడిగెలో దొరకవు, ఇంట్లో దొరుకుతాయి. అయితే ఆ వేడినీళ్లు కాచేది, వచ్చిన తల్లికి తోడుగా కూర్చునేది చాలా ఇళ్లలో ఫోటోగ్రాఫరు భార్య. అద్దె మిగిలిందని సంబరపడేవారు ఆమె శ్రమను ఖర్చు పద్దులో రాయడం లేదు. నా లెక్కలో ఆమెకు నెలకింత అని విడిగా ఉండాలి, ఆదివారం సాయంత్రం ఇంట్లోకి గిరాకీ రాకూడదన్న ఆమె మాట చెల్లాలి.

కరెంటు మీటరు విషయంలో అశ్రద్ధ పనికిరాదు. గృహ కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ లెక్కన బిల్లు వేయవచ్చు. కాబట్టి స్టూడియో గదికి వాణిజ్య కేటగిరీలో వేరే మీటరు తీసుకోవాలి. ఆస్తిపన్ను, ట్రేడ్ లైసెన్సు సంగతి మునిసిపాలిటీలో అడిగి తెలుసుకోవాలి, అపార్టుమెంటులో ఉంటే అసోసియేషన్ అనుమతి ముందే పొందాలి. గూగుల్ మ్యాప్స్‌లో కొత్త పేజీ తెరవకుండా పాత పేజీలోనే చిరునామా మారిస్తే ఇన్నేళ్ల రివ్యూలు సాధారణంగా నిలుస్తాయి.

షాపు ఖాళీ చేసేటప్పుడు చాలామంది పాత నెగటివ్‌ల డబ్బాలను చెత్తకింద జమకడతారు. ఎవరింట్లోనైనా పెద్దాయన పోతే, దండ వేసే ఫోటో కోసం కొడుకు ముందుగా పరుగెత్తేది పాత స్టూడియోకే. పెద్దాయన పదేళ్ల కిందట పింఛను కాగితాల కోసం తీయించుకున్న ఫోటో ఒక్కోసారి ఆ ఇంట్లో ఉండదు, మన దగ్గరే ఉంటుంది. అలా వచ్చినవారికి మూసిన షట్టరు ఎదురు కాకూడదని, తర్వాత అద్దెకు దిగినవారిని అడిగి, షట్టరు పక్కన చిన్న ఫ్లెక్సీ కట్టించాను. దాని మీద నా ఫోను నంబరు, ‘పాత ఫోటోలు, నెగటివ్‌లు భద్రంగా ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యం ఉన్నాయి.