దెయ్యాన్ని నమ్మినవారు జమాఖర్చుల్ని నమ్మరు

అతీంద్రియ శక్తుల సీరియళ్లు చూసే ప్రేక్షకులు స్వభావతః ఉదారులు. చచ్చిన కథానాయకుడు మూడోసారి బతికొచ్చినా వారు అభ్యంతరం చెప్పరు. నరకానికి రాజైనవాడు నల్ల సూటు తొడుక్కుని ఆత్మల బేరానికి కూర్చుంటే, అది రాచరికపు మర్యాద కాబోలని సరిపెట్టుకుంటారు. గుమ్మానికి అడ్డంగా ఉప్పుతో గీత గీస్తే దెయ్యం లోపలికి రాలేదంటే, గాలికి ఆ ఉప్పు చెదిరిపోదా అని కూడా అడగరు. ఇంతటి విశ్వాసపరులు ఒకే ఒక్క విషయంలో పరమ నాస్తికులుగా మారిపోతారు. పాత్రలన్నీ ఒక గదిలో చేరి, 'ఆ రోజు ఏమైందో గుర్తుందా' అని ఒకరినొకరు అడుగుతూ, పాత ఎపిసోడ్ల ముక్కలనే మళ్లీ చూపించే క్లిప్ షో తెర మీదకు వచ్చిందంటే చాలు, దయ్యాలను, దేవదూతలను, పాతాళ ద్వారాలను ప్రశ్నించకుండా ఆమోదించిన ఆ మహాశయుడే లేచి నిలబడి 'ఇది అసహజం' అని తీర్పు చెబుతాడు.

ఈ తీర్పుకు మన శాస్త్రాల మద్దతు లేకపోలేదు. నమిలినదానినే నమిలితే చర్వితచర్వణమనీ, తిరగలిలో విసిరిన పిండినే మళ్లీ విసిరితే పిష్టపేషణమనీ పెద్దలు ఏనాడో నిందించారు. అయితే అదే పెద్దలు, నడుస్తున్న సింహం ఆగి తాను వచ్చిన దారిని ఒకసారి వెనుదిరిగి చూసుకుంటే దానికి సింహావలోకనమని గౌరవనామం కూడా పెట్టారు. వెనక్కి తిరిగి చూసింది సింహమా, నిర్మాత తాలూకు గుమాస్తానా అన్నదాన్ని బట్టి పేరు మారుతుందన్నమాట. ప్రేక్షకుల అభిప్రాయాలన్నిటినీ ఓపికగా విన్న మీదట, ఈ విషయంలో వారు సింహానికి ఇచ్చిన వెసులుబాటును గుమాస్తాకు ఇవ్వడానికి సిద్ధంగా లేరని తేలింది.

నా మనవి ఏమిటంటే, మిగతా సీరియళ్ల మాట ఎలా ఉన్నా, దెయ్యాల సీరియల్లో క్లిప్ షోను తప్పుపట్టడం తర్కానికి నిలవదు. దెయ్యం అంటే ఏమిటి? ఒకప్పుడు జరిగిపోయిన దృశ్యం అదే మెట్ల మీద, అదే వేళకు, అదే తెల్లచీరతోనో అదే చిరిగిన కోటుతోనో మళ్లీ కనిపించడం. దెయ్యాల పరిశోధకులమని చెప్పుకునేవారు 'రెసిడ్యువల్ హాంటింగ్' అని ఒక ప్రత్యేక జాతినే గుర్తించారు. ఆ జాతి దెయ్యానికి ఎదుటివారు ఉన్నట్టు కూడా తెలియదు, అడిగితే జవాబు చెప్పదు, పాత ఘటనను మొదటి నుంచి చివరి వరకు ఆడించి వెళ్లిపోతుంది. 1972లో బీబీసీ ప్రసారం చేసిన 'ది స్టోన్ టేప్' అనే నాటకం, రాతిగోడలే పాత సంఘటనలను టేపులా దాచుకుని తిరిగి వినిపిస్తాయన్న ఊహ మీద నడిచింది, ఆ ఊహకు ఇవాళ్టికీ ఆ నాటకం పేరే వాడుకలో ఉంది. గోడ పాత దృశ్యాన్ని తిప్పి వేస్తే ఒళ్లు గగుర్పొడుస్తుందని మెచ్చుకునే ప్రేక్షకుడు, టీవీ సంస్థ అదే పని చేస్తే ఆవులించడం ఏ న్యాయం కిందికి వస్తుందో నాకు అంతుపట్టలేదు.

బహుశా ఇక్కడ ప్రేక్షకుడిని భయపెడుతున్నది దెయ్యం కాదు. తెర వెనక అంతకన్నా బలమైన అదృశ్యశక్తి ఒకటుంది, దాని పేరు బడ్జెట్. ఏడాదికి ఇన్ని ఎపిసోడ్లు అప్పజెబుతామని మాట ఇచ్చిన సంస్థ, మధ్యలో రెండు ఎపిసోడ్ల రాక్షసులకు డబ్బు ధారపోసి, చివరికి ఖాళీ సంచితో మిగిలినప్పుడు ఈ శక్తి ఆవహిస్తుంది. అంతరిక్ష కథే అయినా, ఇందుకు అందరూ చూపించే ఉదాహరణ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' రెండో సీజన్ ముగింపు. 1988లో అమెరికా రచయితల సంఘం మార్చి నుంచి ఆగస్టు దాకా సమ్మె చేయడంతో ఆ సీజన్ ఇరవై రెండు ఎపిసోడ్లకు కుదించుకుపోయింది. చేతిలో సొమ్ము కూడా మిగలకపోవడంతో, చివరిదైన 'షేడ్స్ ఆఫ్ గ్రే'ను మూడు రోజుల్లో చిత్రీకరించి 1989 జులైలో ప్రసారం చేశారు. అందులో రైకర్ అనే అధికారికి ఒక ముల్లు గుచ్చుకుంటుంది, ఒంట్లోకి క్రిములు చేరతాయి, ఆయన మంచం మీద పడుకుని పాత ఎపిసోడ్లను కలగంటాడు. మధురమైన జ్ఞాపకాలు వస్తే క్రిములు పెరుగుతాయనీ, చేదు జ్ఞాపకాలు వస్తే చస్తాయనీ వైద్యురాలు కనిపెడుతుంది. ఆ సీరియల్లోకెల్లా నాసిరకం ఎపిసోడ్లలో ఇదొకటని నేటికీ అభిమానులు ఏకకంఠంతో చెబుతారు గానీ, చేదు జ్ఞాపకమే మందు అన్న సిద్ధాంతం ప్రకారం చూస్తే ఆ ఎపిసోడ్ ఎంతమంది ఆరోగ్యాన్ని నిలబెట్టిందో వారు ఆలోచించినట్టు లేదు.

ఇక 'సూపర్‌నేచురల్' అభిమానుల వద్దకు వస్తే సమస్య మరింత జటిలమవుతుంది. 2005 నుంచి 2020 వరకు పదిహేను సీజన్లు, 327 ఎపిసోడ్ల పాటు ఇద్దరు అన్నదమ్ములు ఒకే నల్లకారులో ఊరూరా తిరిగి దయ్యాలను తరిమిన కథ అది. దాని సీజన్ ముగింపు ఎపిసోడ్లలో ఒక ఆచారం ఉంది. 'ది రోడ్ సో ఫార్' అన్న అక్షరాలు పడతాయి, కాన్సాస్ అనే రాక్ సంగీత బృందం 1976లో విడుదల చేసిన 'క్యారీ ఆన్ వేవార్డ్ సన్' పాట మొదలవుతుంది, ఏడాది పొడవునా చూసిన దృశ్యాలన్నీ ముక్కలు ముక్కలుగా కళ్లముందు పరుగెడతాయి. అంటే మన వారపత్రికల సీరియల్ నవలలకు తలకట్టుగా ఉండే 'జరిగిన కథ'కు తాళం వేసి పాడినట్టు. ఈ ముక్కల కోసం అభిమానులు ఏడాదంతా ఎదురుచూస్తారు, చూసి కళ్లు తుడుచుకుంటారు. ఇందులో కొత్తగా తీసిన దృశ్యం ఒక్కటీ ఉండదు. కనుక పాత ముక్కలు రెండు నిమిషాలుంటే భక్తి, నలభై రెండు నిమిషాలుంటే ద్రోహం అని మనం గ్రహించాలి. ఈ రెంటి మధ్య భక్తి సరిగ్గా ఏ నిమిషం దగ్గర ద్రోహంగా మారుతుందో విజ్ఞులు తేల్చి చెప్పాలి. నా స్థూల అంచనాలో, పాట అయిపోయిన మరుక్షణం.

ఆ సీరియల్ రచయితలు ప్రేక్షకుల మనసెరిగినవారు. ఎనిమిదో సీజన్‌లో, 2013 మే నెలలో, చివరి నుంచి రెండో ఎపిసోడ్‌కు వారు 'క్లిప్ షో' అనే పేరే పెట్టారు. పేరు చూసి గుండె జారిన ప్రేక్షకుడికి లోపల పాత ముక్కల కూర్పు దొరకలేదు. నరక ద్వారాలను మూసివేసే పరీక్షలను అన్నదమ్ములు మానుకోవాలని, నరకాధిపతి క్రౌలీ వారు ఏళ్ల క్రితం కాపాడిన మనుషులను వెతికి పట్టుకుని ఒక్కొక్కరినే చంపించడం మొదలుపెడతాడు. మొదటి సీజన్‌లో సామ్ అనే తమ్ముడి మనసు తాకి వెళ్లిన సారా బ్లేక్ కూడా అలాగే, అతని కళ్లముందే ప్రాణం విడుస్తుంది. ఇక్కడ నాకు ఒక ధర్మసందేహం. పాత పాత్ర పాత దృశ్యంలో సజీవంగా కనిపిస్తే విసుగనీ, అదే పాత్రను కొత్తగా పిలిపించి చంపితే సృజనాత్మకతనీ అన్నప్పుడు, ప్రేక్షకుడు కోరుకుంటున్నది జ్ఞాపకాన్నా, తద్దినాన్నా?

ప్రత్యర్థుల వాదనల్లో ఒక్కదాన్ని మాత్రం నేను కాదనలేను. క్లిప్ షో పుట్టిన కాలంలో, తప్పిపోయిన ఎపిసోడ్‌ను మళ్లీ చూసే దారి సామాన్యుడికి దాదాపు లేదు. పునఃప్రసారం ఎప్పుడు వస్తే అప్పుడే దర్శనం. ఇప్పుడు సీజన్లు ఎనిమిది, పది ఎపిసోడ్లకు కుదించుకుపోయాయి, పాతవన్నీ వేలికొసన ఉన్నాయి, గత కథను గుర్తుచేసే ఆ కాస్త భాగాన్ని కూడా దాటేయడానికి తెర మీద ఒక మీట పెట్టారు. ప్రేక్షకుడు ఆ మీటను గర్వంగా నొక్కుతాడు. పది నిమిషాల తర్వాత, సీజన్‌కూ సీజన్‌కూ నడుమ రెండేళ్లు గడిచిన పాపానికి, ఈ గడ్డపాయన మంచివాడా, దెయ్యం పట్టినవాడా అన్నది గుర్తురాక సీరియల్‌ను ఆపి, ఎవరో కూర్చి పెట్టిన 'ఇప్పటిదాకా జరిగింది' వీడియోను ఇరవై నిమిషాలు శ్రద్ధగా చూస్తాడు. దాన్ని ఆయన క్లిప్ షో అనడు. సన్నద్ధత అంటాడు.

చాలాకాలం ఈ అభిప్రాయాల మీద తర్జనభర్జన పడ్డాక, అసలు అభ్యంతరం ఏమిటో తెలుసుకోవాలని ఇలాంటి ఎపిసోడ్‌ను తీవ్రంగా ద్వేషించే పరిచయస్తుడొకరిని నేరుగా అడిగాను. అది సోమరితనమన్నారు, డబ్బు మిగుల్చుకునే ఎత్తుగడ అన్నారు, ఒక సాయంత్రం వృథా చేశారన్నారు. అంతవరకు అందరూ అనేవే. ఆ తర్వాత గొంతు తగ్గించి, మూడో ముక్కను మూడు సెకన్లు ముందుగా కోసేశారని చెప్పారు. ఆ మూడు సెకన్లలో అన్న తలుపు దగ్గర ఆగి ఒక్కసారి వెనక్కి చూస్తాడట. ఆ చూపు అసలు ఎపిసోడ్‌లో ఎన్నో నిమిషంలో, ఎన్నో సెకనులో వస్తుందో కూడా చెప్పి, నిట్టూర్చి, పదికి ఒక్క మార్కు వేశారు.