గంజాయి మీద వీధి రాయాల్సిన రెండు కాగితాలు

గోదావరి డెల్టాలో అమ్ముడయ్యే గంజాయి చాలావరకు ఇక్కడ పండింది కాదు. ఒడిశా సరిహద్దు నుంచి, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి దిగుతుంది. ఒక దారి మారేడుమిల్లి, రంపచోడవరం మీదుగా రాజమహేంద్రవరానికి, ఇంకో దారి నర్సీపట్నం, తుని మీదుగా జాతీయ రహదారికి. మూటల్లో ఎక్కువ భాగం ఇతర రాష్ట్రాలకు వెళ్లిపోతుంది. దారిలో దిగే కాస్త సరుకే చిన్న చిన్న పొట్లాలై కాకినాడ, అమలాపురం, తణుకు, భీమవరం కాలనీల్లోకి వస్తుంది. లారీలో దొరికిన మూటల ఫొటోలు మొదటి పేజీకి ఎక్కుతాయి. వీధిని చెడగొట్టేది మాత్రం ఈ పొట్లమే.

అమ్మేవాడు రెండు వైపులా దారి ఉన్న చోటే చూసుకుంటాడు. ఏటిగట్టు, లాకుల పక్క, పొలాల మధ్య పుంత, రాళ్లు పాతి వదిలేసిన లేఅవుట్, గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు తాళం వేసిన ఇల్లు. ముందు వీధి దీపం పగులుతుంది. తర్వాత చీకటి పడ్డాక బళ్లు వచ్చి రెండు మూడు నిమిషాలాగి వెళ్తుంటాయి. ఆ దారిన ట్యూషన్‌కు వెళ్లే ఆడపిల్లలు చుట్టు తిరిగి వెళ్లడం మొదలుపెడతారు. మనిషి అలికిడి తగ్గేకొద్దీ ఆ చోటు అమ్మేవాడికి మరింత అనుకూలమవుతుంది.

అప్పుడు వీధి చేసే పని మనకు తెలిసిందే. నలుగురు కలిసి ఒక కుర్రాణ్ని పట్టుకుంటారు, కొడతారు, వీడియో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. అయినా ఆ పని చేయొద్దంటున్నాం. దొరికేది దాదాపు ఎప్పుడూ కొనుక్కునే పిల్లాడే. అమ్మేవాడు పక్క వీధికి మారతాడంతే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సోదా అధికారాన్ని అధికారులకే ఇచ్చింది. స్వాధీనానికి, తూకానికి, నమూనాకు ఒక్కోదానికీ పద్ధతి పెట్టింది. నలుగురి చేతులు మారిన పొట్లాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. పైగా 18 ఏళ్లలోపు పిల్లాడి ముఖం బయటపెడితే కేసు వీధివాళ్ల మీదికే వస్తుంది.

మేం చెప్పేది రెండు కాగితాల పని. మొదటిదాంట్లో గంజాయి మాటే అక్కర్లేదు. ఫలానా నంబరు స్తంభానికి దీపం లేదు, ఫలానా ఖాళీ స్థలంలో తుప్పలు నిలువెత్తు పెరిగాయి, యజమానికి నోటీసివ్వండి అని రాయాలి. వీధంతా సంతకాలు పెట్టి గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఇవ్వాలి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. దీనికి ఎవరూ భయపడనక్కర్లేదు.

రెండోదాని మీద ఒక్క సంతకమూ ఉండకూడదు. వారం పది రోజులు ఇంట్లోంచే చూసి రాయాలి: ఏ స్తంభం దగ్గర, ఎన్ని గంటలకు, బండి నంబరు, రంగు, ఎంతసేపు ఆగింది, ఎటు వెళ్లింది. చూసిందే రాయాలి, విన్న పేర్లు వద్దు. దగ్గరికెళ్లి ఫొటో తీయొద్దు. వీధి గ్రూపులో అసలే పెట్టొద్దు, అందులో అమ్మేవాడి చుట్టాలూ ఉంటారు. సమాచారాన్ని మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర ‘ఈగల్’ విభాగం నంబరు 1972కు గానీ, కేంద్రం నంబరు 1933కు గానీ చెప్పొచ్చు. గొడవ జరుగుతుంటే 112. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతపెట్టడానికి మాదకద్రవ్యాల చట్టం 68వ సెక్షన్ ప్రకారం వీల్లేదు.

‘పట్టించినా నాలుగు రోజుల్లో వచ్చేశాడు’ అన్న నిరాశ ప్రతి వీధిలో వినిపిస్తోంది. కారణం తూకంలో ఉంది. కిలో వరకు గంజాయి చట్టం దృష్టిలో చిన్న పరిమాణం, శిక్ష గరిష్ఠంగా ఏడాది. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. ఈ లెక్క తెలిసినవాడు చేతిలో కొద్దిగానే ఉంచుకుంటాడు. కానీ మైనర్ల చేత పొట్లాలు మోయిస్తే బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన శిక్ష పడుతుంది, తూకంతో పని లేదు. అందుకే ‘స్కూలు బ్యాగుతో పిల్లాడు వచ్చి ఇచ్చి వెళ్లాడు’ అన్న వాక్యం రెండో కాగితంలో అన్నిటికన్నా విలువైనది. తెలిసి ఇల్లు వాడుకోనిచ్చిన యజమానికి మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ కింద అదే నేరానికి ఉన్న శిక్షే పడుతుందని గల్ఫ్‌లో ఉన్నవారికి ఇక్కడి బంధువులు చెప్పాలి. నెలకోసారైనా తాళం తీసి చూడాలి.

కొనుక్కునే పిల్లల సంగతి వేరు. తక్కువ మోతాదుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో పూర్తిగా చికిత్స తీసుకుంటే, అదే చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. స్టేషన్‌కు వచ్చిన తల్లిదండ్రులకు పోలీసులే ఈ మాట చెప్పాలి. గంజాయి మానేసిన మొదటి వారం నిద్ర ఉండదు, తిండి సహించదు, చిరాకు ఎక్కువ. రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నొప్పికి వాడే ట్రమడాల్ మాత్రలకు అలవాటుపడ్డవాణ్ని మాత్రం ఇంట్లో కట్టేసి ఒక్కసారిగా మాన్పించొద్దు. ఫిట్స్ రావొచ్చు, డాక్టరు పర్యవేక్షణ తప్పదు. సలహాకు 14446 నంబరు ఉంది. వైద్యం దగ్గరే చిక్కంతా. రాజోలు కూలీ తండ్రి కొడుకును తీసుకుని కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. రెండోసారి చాలామంది వెళ్లరు. అమలాపురం, నరసాపురం లాంటి ఏరియా ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు, పని వేళలు దాటాక సాయంత్రం పూట, మానసిక వైద్యుడు కూర్చునే ఏర్పాటు ప్రభుత్వం వెంటనే చేయాలి.