ఓటర్లను అడగని మార్పు

‘యుద్ధాన్ని శాశ్వతంగా వదులుకుంటున్నాం, సైనిక బలగాలను ఉంచుకోం’ అన్న జపాన్ రాజ్యాంగం తొమ్మిదో అధికరణలో 1947 నుంచి నేటివరకూ ఒక్క అక్షరం మారలేదు. అదే దేశం 2022 డిసెంబరులో శత్రు స్థావరాలపై ఎదురుదాడి చేసే సామర్థ్యం సమకూర్చుకోవాలని, ఐదేళ్లలో రక్షణకు 43 లక్షల కోట్ల యెన్‌లు ఖర్చుపెట్టాలని తీర్మానించింది.

శాంతికాముక దేశంగా తనకున్న గుర్తింపు జపాన్‌ను మొదట ఇరుకునపెట్టింది 1991లో. గల్ఫ్ యుద్ధానికి 1300 కోట్ల డాలర్లిచ్చినా, కువైట్ అమెరికా పత్రికల్లో వేయించిన కృతజ్ఞతా ప్రకటనలో జపాన్ పేరు లేదు. ఆ అవమానం టోక్యోను బాగా కుదిపింది. మరుసటి ఏడాదే ఐరాస శాంతిదళాలకు సైనికులను పంపే చట్టం వచ్చింది. కాల్పుల విరమణ ఉండాలి, అది భగ్నమైతే వెనక్కి రావాలి, ఆయుధాన్ని ఆత్మరక్షణ మేరకే వాడాలి వంటి షరతులు పెట్టారు.

కాగితం మీద పకడ్బందీగానే ఉన్న ఈ షరతులు క్షేత్రంలో నిలవలేదు. 2004లో ఇరాక్‌లోని సమావా వెళ్లిన జపాన్ దళానికి తొలుత డచ్ సైనికులే కాపలా కాయాల్సి వచ్చింది. దక్షిణ సూడాన్‌లో ఇంకా ఘోరం. 2016 జులైలో రాజధాని జుబాలో పోరాటం జరిగిందని అక్కడి జపాన్ దళం రోజువారీ నివేదికల్లో రాసింది. దాన్ని ఒప్పుకుంటే చట్టప్రకారం దళాన్ని వెనక్కి పిలవాలి. ఆ నివేదికలు లేవని రక్షణశాఖ చెప్పింది. తర్వాత అవి బయటపడ్డాయి. ఆ వివాదంలోనే 2017 జులైలో రక్షణమంత్రి తోమోమి ఇనాదా రాజీనామా చేశారు. చట్టం ఒకలా, వాస్తవం మరోలా ఉన్నప్పుడు అధికారులు అబద్ధం వైపే జారతారు.

ఉత్తర కొరియా క్షిపణులు, చైనా నౌకాబలం ఊహాజనిత భయాలు కావు. జపాన్ ఆయుధాలు సమకూర్చుకోవడం తప్పని మేము అనం. అభ్యంతరమల్లా పద్ధతి మీదే. మిత్రదేశం కోసం బలప్రయోగం కుదరదని దశాబ్దాలుగా చెప్పిన తొమ్మిదో అధికరణ భాష్యాన్ని 2014 జులై 1న అప్పటి ప్రధాని షింజో అబే మంత్రివర్గం ఒక్క తీర్మానంతో తిరగరాసింది. అధికరణనే మార్చాలంటే ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మెజారిటీ, ఆపై రిఫరెండంలో సగానికి మించి ఓట్లు రావాలి. 2016 ఎన్నికల తర్వాత సవరణ కోరే పక్షాలకు రెండు సభల్లోనూ ఆ బలం దక్కింది. అయినా రిఫరెండం పెట్టలేదు. ఓటర్లు కాదంటారన్న భయమే కారణమని మా అంచనా. అందుకే భాష్యం మారిన ప్రతిసారీ బీజింగ్, సియోల్ తదుపరి సడలింపు ఏమిటని లెక్కలేస్తున్నాయి.